యార్డులో ఒడ్డున పెట్టిన పడవ గాలివానకు దెబ్బతింటే బాధ్యత ఎవరిది?

మీరు రాసిన విషయాన్ని రెండు మూడు సార్లు చదివాను. నాకు అర్థమైనది సరిగ్గా ఉందో లేదో మీరు సరిచూసుకోవడానికి వీలుగా దాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు, మీ నాన్నగారు మైలవరం జలాశయంలో చేపలు పట్టుకొని జీవిస్తున్నారు. నీరు తగ్గిన తరువాత, ఫిబ్రవరిలో, మీ 18 అడుగుల ఫైబర్ పడవను జమ్మలమడుగు దగ్గర ఒక యార్డులో నెలకు 900 రూపాయల అద్దెకు పెట్టారు. ఏప్రిల్ నెలాఖరున పడవను తీసుకుపోతామని అడిగితే, దారికి అడ్డంగా వేరే బండ్లు ఉన్నాయి, క్రేన్ కూడా రాలేదు, ఇంకో వారం ఆగండి అన్నారు. మే రెండో వారంలో వచ్చిన గాలివానకు, పక్కన ఇనుప జాకీల ఊతతో నిలబెట్టిన పెద్ద విహార పడవ ఒరిగి మీ పడవ మీద పడింది. కుడివైపు అంచు రెండు చోట్ల పగిలింది, అడుగున పొడవాటి చీలిక వచ్చింది. యార్డు యజమాని ఇది దైవాధీనం అంటున్నారు, రసీదు వెనుక 'యజమాని బాధ్యతపైనే', అంటే బాధ్యత పడవ యజమానిదే, అని అచ్చయి ఉన్న వాక్యాన్ని చూపిస్తున్నారు. పెద్ద పడవ వారు తమ పడవను యార్డుకు అప్పగించేశాం కనుక తమను అడగవద్దంటున్నారు. ఇద్దరి మధ్య మీ జీవనాధారం పగిలి పడి ఉంది.

నేను వకీలును కాను. ఇరవై ఏళ్లకు పైగా కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో బీమా నష్టాలను అంచనా వేసే సర్వేయరుగా పనిచేశాను. గోదాములు, వరికోత యంత్రాలు, లారీలు ఎక్కువ, పడవలు తక్కువ. అయినా ఒకరి వస్తువు ఇంకొకరి ఆవరణలో ఉండగా పాడైనప్పుడు వచ్చే తగాదా అన్నిట్లోనూ ఒకే రకంగా ఉంటుంది. మీరు చెప్పిన సంగతులు అలాగే రుజువైతే, మొదటి బాధ్యత యార్డు యజమానిదే అన్నది నా అభిప్రాయం. గాలి వచ్చిందన్న ఒక్క మాట ఆయనను ఆ బాధ్యత నుంచి తప్పించదు. పెద్ద పడవ వారికి కూడా భాగం ఉండవచ్చు, కానీ అది ఆ జాకీలను ఎవరు పెట్టారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

అన్నిటికన్నా ముందు తేలవలసింది, మీరు యార్డులో చోటు అద్దెకు తీసుకున్నారా, లేక పడవను వారి చేతికి అప్పగించారా అన్నది. వినడానికి రెండూ ఒకటిగానే ఉంటాయి, చట్టంలో మాత్రం చాలా దూరం. మీరు చోటుకు బాడుగ కట్టి, మీరే పడవను తెచ్చి, మీరే నిలబెట్టి, మీ తాళం మీరు వేసుకొని, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎవరినీ అడగకుండా తీసుకుపోగలిగితే, యార్డు వారు మీకు నేలను మాత్రమే ఇచ్చినట్టు. అప్పుడు కూడా ఆవరణలో ప్రమాదకరమైన పరిస్థితిని తెలిసీ వదిలేశారని వారిపై ఆరోపించవచ్చు, కానీ తప్పు జరిగిందని రుజువు చేయవలసిన భారం మీ మీదే పడుతుంది. దానికి బదులు గేటు తాళం వారి దగ్గర ఉండి, పడవను ఎక్కడ దించాలో, ఎప్పుడు కదపాలో వారే నిర్ణయించి, మీరు తీసుకుపోవాలంటే వారి క్రేన్ కోసం, వారి అనుమతి కోసం ఆగవలసి వచ్చిందంటే, పడవ వారి స్వాధీనంలో ఉన్నట్టే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 148వ సెక్షన్ దీన్నే బెయిల్‌మెంట్ అంటుంది. ఒక పని నిమిత్తం వస్తువును ఇంకొకరి చేతికి ఇవ్వడం, ఆ పని తీరాక తిరిగి ఇవ్వాలన్న ఒప్పందం ఉండడం దాని సారం. చేతికి ఇవ్వడమంటే చేతుల్లో పెట్టడమే కానక్కరలేదు, వస్తువు అవతలి వారి స్వాధీనంలోకి వెళ్లేలా చేసే ఏ చర్య అయినా చాలునని 149వ సెక్షన్ చెబుతుంది. ఏప్రిల్‌లో మిమ్మల్ని ఆగమన్న ఆ మాటే, పడవ ఎవరి అదుపులో ఉందో చెప్పే బలమైన సాక్ష్యం.

బెయిల్‌మెంట్ అని తేలాక 151, 152 సెక్షన్లు ముందుకు వస్తాయి. అప్పగింత తీసుకున్న వ్యక్తి, అలాంటి వస్తువు తనదే అయితే సామాన్య వివేకం గల మనిషి అవే పరిస్థితుల్లో ఎంత జాగ్రత్త పడతాడో అంత జాగ్రత్త పడాలి. అంత జాగ్రత్త పడి కూడా నష్టం జరిగితే, వేరే ప్రత్యేక ఒప్పందం లేనంతవరకు, ఆయన బాధ్యుడు కాడు. అంటే యార్డు యజమాని మీ పడవకు బీమా కంపెనీ లాంటివాడు కాదు, ప్రతి నష్టాన్నీ ఆయన భరించనక్కరలేదు. ఈ మాట ఆయన పక్షాన కూడా చెప్పడం న్యాయం. అయితే పడవ ఆయన ఆవరణలో ఉండగా పగిలింది కనుక, తాను ఏం జాగ్రత్తలు తీసుకున్నాడో ముందు చెప్పవలసినవాడు ఆయనే. ఆ రోజు జాకీలు ఎలా ఉన్నాయో, ఎవరు చూశారో, కట్లు ఎవరు బిగించారో ఆయనకు, ఆయన మనుషులకు తెలుస్తుంది, జలాశయం ఒడ్డున ఉన్న మీకు తెలియదు. ఒకరికి మాత్రమే ప్రత్యేకంగా తెలిసిన సంగతిని రుజువు చేసే భారం వారి మీదే ఉంటుందన్నది పాత సాక్ష్య చట్టంలో 106వ సెక్షన్‌గా ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అదే 109వ సెక్షన్.

ఇక 'సామాన్య వివేకం' అంటే ఏమిటన్నది. ఇది పుస్తకంలో దొరికే కొలత కాదు. జమ్మలమడుగులో, మే నెలలో, నల్లరేగడి నేల మీద పడవలను నిలబెట్టే మనిషికి ఏమి తెలిసి ఉండాలన్నదే ప్రశ్న. మన సీమలో ఎండలు ముదిరాక సాయంత్రం పూట దుమ్ము లేపుతూ ఈదురుగాలి రావడం, దాని వెనుకే నాలుగు పెద్ద చినుకులు పడడం, అరటి తోటలు పడిపోవడం, రేకులు ఎగిరిపోవడం ఏటా చూస్తున్నదే. వామి వేసిన రైతు కూడా ముంగారు గాలికి ముందే దాని మీద తాళ్లు వేసి రాళ్లు వేలాడగడతాడు. ఏటా వచ్చేదాన్ని ఊహించలేకపోయామనడం దైవాధీనం కిందికి రాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలు నగరాన్ని ముంచినప్పటి వరద లాంటిదైతే ఆ మాట అనడానికి చోటుంటుంది. అప్పుడు ఒడ్డుకు ఎంతో దూరంలో, ఎప్పుడూ నీరు చూడని వీధుల్లో ఉన్న సామాను కూడా పోయింది, దాన్ని ఎవరి జాగ్రత్తా ఆపగలిగేది కాదు. ఆ వరదను చూసిన తరువాత కూడా అదే నది పల్లంలో ఇతరుల పడవలు పెట్టించుకుంటే, ఆ మనిషికి ఈసారి ఆ సమాధానం అంత బలంగా నిలబడదని కూడా నేను అనుకుంటాను.

ఒడ్డున నిలబెట్టిన పడవ ఎందుకు ఒరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ కేసు నిలబడేదీ కూలేదీ అక్కడే. అడుగు పదునుగా ఉన్న పడవను నేల మీద పెట్టేటప్పుడు బరువంతా అడుగు దూలం కింద పేర్చిన మొద్దుల మీద ఉండాలి. పక్కల జాకీలు బరువు మోయడానికి పెట్టినవి కావు, పడవ అటూ ఇటూ ఒరగకుండా నిలపడానికి మాత్రమే. ఎదురెదురుగా జతలుగా పెట్టి, ప్రతి జతను పడవ కింద నుంచి గొలుసుతో బిగించాలి. గొలుసు లేకపోతే, ఊపు వచ్చినప్పుడల్లా జాకీ కాలు బయటికి జరుగుతూ పోతుంది. 24 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు ఉన్న పక్కకు గంటకు 70 కిలోమీటర్ల గాలి నేరుగా తగిలితే సుమారు మూడు వందల కిలోల బరువుతో నెట్టినట్టు ఉంటుంది. గాలి వేగం రెట్టింపు అయితే ఆ తోపు నాలుగింతలు అవుతుంది. అంత తోపుకు ఒకవైపు జాకీ రెండు అంగుళాలు జరిగినా చాలు, మిగిలిన పని పడవ బరువే చేస్తుంది.

నేల సంగతి ఇంకా ముఖ్యం. మీ ప్రాంతంలో నల్లరేగడి వేసవిలో నెర్రెలు బారి రాయిలా ఉంటుంది, దాని మీద జాకీ పెడితే ఎంతో గట్టిగా నిలిచినట్టు కనిపిస్తుంది. తొలి వాన పడగానే పైపొర మెత్తబడి ఉబ్బుతుంది, సన్నని ఇనుప కాలు దానిలోకి దిగబడుతుంది. అందుకే జాకీ కాలు కింద వెడల్పాటి పలక ఉండాలి. నాపబండలకు మన జిల్లాలో కొరత లేదు, కానీ బండను ఎగుడుదిగుడు నేల మీద పరిచి దాని నడిమధ్య ఇనుప కాలు మోపితే అది చీలిపోతుంది. నేలను చదును చేసి, బండ పరిచి, దాని మీద చెక్క వేసి, అప్పుడు జాకీని నిలపాలి. ఒక యార్డులో నేను చూసిన బండ సరిగ్గా రెండు ముక్కలై ఉంది, ఆ చీలిక అంచులు ఇంకా తాజాగా తెల్లగా మెరుస్తున్నాయి. అక్కడి వారు గాలిని ఎంత తిట్టినా ఆ బండే అసలు సంగతి చెప్పింది.

మూడోది టార్పాలిన్ పట్ట. ఎండకు ఫైబర్ పైపూత పొడిబారి సుద్దలా రాలకుండా పట్ట కప్పడం మంచిదే, కానీ దాని తాళ్లను జాకీలకు కట్టడం చాలా పెద్ద తప్పు. గాలికి పట్ట ఉబ్బి కొట్టుకుంటున్నప్పుడు ప్రతి కుదుపూ తాడు ద్వారా జాకీని లాగుతుంది, పడవను నిలపవలసిన ఊతనే ఊడదీస్తుంది. తాళ్లు పడవ అడుగు కిందుగా ఒక వైపు నుంచి ఇంకో వైపుకు పోవాలి, లేదా ఇసుక మూటలను వేలాడగట్టాలి. నాలుగోది అడుగు బిరడా. ఒడ్డున ఉన్న పడవకు దాన్ని తీసి ఉంచాలి. తీయకపోతే వాన నీరు లోపల నిలుస్తుంది, రెండు వందల లీటర్లు నిలిస్తే రెండు వందల కిలోలు అదనంగా చేరినట్టు. ఆ నీరు ఒక మూలకు పారితే పడవ బరువంతా అటువైపు మొగ్గుతుంది.

కనుక మీరు వెంటనే వెళ్లి చూడవలసినవి ఇవే. పెద్ద పడవ జాకీల కాళ్ల కింద ఏముంది, గొలుసులు ఉన్నాయా, పట్ట తాళ్లు ఎక్కడ కట్టి ఉన్నాయి, బిరడా తీసి ఉందా లేదా. యార్డులో మిగిలిన పడవల్లో ఎన్ని పడ్డాయన్నది కూడా గమనించండి. ఆరు పడవల్లో అదొక్కటే పడి ఉంటే, గాలి అందరికీ ఒకటే కనుక, తేడా నిలబెట్టిన తీరులోనే ఉందని ఎవరికైనా అర్థమవుతుంది. అన్నీ పడిపోయి, పక్కనున్న వేపచెట్లు కూడా వేళ్లతో లేచి ఉంటే యార్డు వారి మాటకు బలం వస్తుంది. అది కూడా దాచకుండా ఫోటో తీయండి, ఎందుకంటే మీ సాక్ష్యాన్ని నమ్మాలంటే అది పూర్తిగా ఉండాలి.

రసీదు మీది వాక్యానికి మీరు భయపడుతున్నట్టున్నారు. దీని మీద సుప్రీంకోర్టు 2019 నవంబరులో తాజ్ మహల్ హోటల్, యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కంపెనీల మధ్య కేసులో చాలా స్పష్టంగా చెప్పింది. 1998లో ఢిల్లీలోని ఆ హోటల్‌కు వచ్చిన అతిథి కారును పార్కింగ్ కోసం హోటల్ సిబ్బంది చేతికి ఇచ్చారు, కారు దొంగతనానికి గురైంది. పార్కింగ్ చీటీ మీద బాధ్యత కారు యజమానిదే అని ఉంది. వాహనం సిబ్బంది చేతికి వచ్చాక దాన్ని భద్రంగా తిరిగి ఇవ్వవలసిన ఒప్పందం దానంతట అదే ఏర్పడుతుందని, తమ నిర్లక్ష్యానికి, తమ సిబ్బంది నిర్లక్ష్యానికి బాధ్యత లేదని హోటల్ ముందే రాసుకొని తప్పించుకోలేదని కోర్టు అన్నది. అలాంటి వాక్యం ఉన్నప్పటికీ, 151, 152 సెక్షన్ల ప్రకారం తగిన జాగ్రత్త తీసుకున్నామని ముందు హోటలే చూపించాలి, ఆ భారం తీరిన తరువాతే చీటీ మీది వాక్యానికి పని ఉంటుందని కూడా చెప్పింది. అది హోటల్ కారు కేసు, మీది యార్డు పడవ కేసు. అయినా తర్కం అక్షరాలా సరిపోతుంది. ఇంకొకటి, ఆ వాక్యం మీకు పడవను అప్పగించక ముందు చూపించారా, లేక పడవ దించి గేటు వేసిన తరువాత చేతిలో పెట్టిన చీటీ వెనుక ఉందా అన్నది కూడా గుర్తు చేసుకొని రాసిపెట్టుకోండి.

ఇప్పుడు నా దృష్టిలో మీ చేతిలో ఉన్న అతి బలమైన సంగతికి వస్తాను, మీరు దాన్ని ప్రశ్న చివర ఏదో మాటవరసకు రాశారు. ఏప్రిల్ నెలాఖరున మీరు పడవ అడిగారు, వారు ఇవ్వలేదు. గడువు తీరగానే, లేదా పని పూర్తి కాగానే వస్తువును తిరిగి ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం 160వ సెక్షన్ అంటుంది. అప్పగింత తీసుకున్నవారి తప్పు వల్ల సరైన సమయానికి వస్తువు తిరిగి రాకపోతే, ఆ క్షణం నుంచి దానికి జరిగే ఏ నష్టానికైనా వారే బాధ్యులని 161వ సెక్షన్ అంటుంది. ఈ రెండో సెక్షన్‌లో జాగ్రత్త పడ్డారా లేదా అన్న ప్రశ్నకు చోటు లేదు. మీరు అడిగిన రోజున మీ పడవ మీ చేతికి వచ్చి ఉంటే మే రెండో వారంలో అది ఆ పెద్ద పడవ పక్కన ఉండేదే కాదు. దారికి అడ్డంగా వేరే బండ్లు పెట్టుకున్నది వారే, కనుక ఆలస్యం వారి తప్పేనని వాదించడానికి మీకు గట్టి ఆధారం ఉంది. అయితే మీరు అడిగినట్టు రుజువు ఉండాలి. ఫోన్‌లో మాట్లాడి ఉంటే ఆ కాల్ తేదీ, సమయం భద్రపరచండి. వాట్సాప్‌లో అడిగి ఉంటే ఆ ఫోన్‌ను మార్చవద్దు, సందేశాలను తుడిచివేయవద్దు. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో చూపించాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి, మీ వకీలు ఆ పని చూసుకుంటారు. మీతో పాటు ఆ రోజు యార్డుకు వచ్చినవారు ఎవరైనా ఉంటే వారి పేరు కూడా రాసుకోండి.

పెద్ద పడవ వారి విషయం వేరు. వారితో మీకు ఒప్పందం ఏదీ లేదు, కనుక వారి నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేస్తేనే వారు బాధ్యులు. వారి మనుషులే జాకీలు పెట్టి, పట్ట తాళ్లు వాటికే కట్టి, బిరడా తీయకుండా పోయి ఉంటే యార్డుకు అప్పగించామన్న మాట వారికి రక్షణ ఇవ్వదు. యార్డు మనుషులే అంతా చేసి ఉంటే వారు కూడా మీలాగే బాధితులు. వారి పడవలో ముందే ఉన్న లోపం, ఉదాహరణకు అడుగు దూలం చీలి ఉండడం, వారికి తెలిసి కూడా యార్డుకు చెప్పకపోతే 150వ సెక్షన్ ప్రకారం దాని ఫలితానికి యార్డుకు వారు జవాబు చెప్పుకోవాలి. ఈ ఇద్దరిలో ఎవరి వాటా ఎంత అన్నది తేల్చుకోవలసింది వారిద్దరే, మీరు సివిల్ కోర్టులో ఇద్దరినీ కలిపి ప్రతివాదులుగా చేర్చవచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళితే మాత్రం మీకు సేవ అమ్మినది యార్డు ఒక్కటే కనుక ఫిర్యాదు దాని మీదే నిలుస్తుంది.

చాలామంది తమ పడవను, పుట్టిని బంధువుల కళ్లంలోనో పెరట్లోనో ఊరికే పెట్టించుకుంటారు, వారి కోసం ఒక మాట. డబ్బు తీసుకోలేదు కనుక నాకు బాధ్యత లేదన్నది మన చట్టంలో నిలవదు. 151వ సెక్షన్ జీతానికి చూసినవారికీ ఊరికే చూసినవారికీ ఒకే కొలత పెట్టింది. అదే సమయంలో, ఊరికే పెట్టుకున్న బంధువు ఆ పడవ భద్రత కోసం అవసరమై పెట్టిన ఖర్చును పడవ యజమాని తిరిగి ఇవ్వాలని 158వ సెక్షన్ చెబుతుంది. ఈ రెండూ తెలిసి ఉంటే బంధుత్వాలు చెడవు. అప్పగించిన పడవను అడగకుండా నీళ్లలోకి దించి వాడుకున్నవారు మాత్రం, ఎంత జాగ్రత్తగా వాడినా, ఆ వాడకంలో జరిగిన నష్టానికి 154వ సెక్షన్ కింద పూర్తిగా బాధ్యులు.

నష్టం ఎంత అన్న దగ్గర మీరు మోసపోయే అవకాశం ఎక్కువ, కనుక ఇక్కడ తొందరపడవద్దు. పగిలిన చోట పైన ఫైబర్ పీలిక అంటించి రంగు వేస్తే మూడు నాలుగు వేలతో పని అయిపోతుందని ఎవరో ఒకరు మీకు చెబుతారు. అడుగు చీలికకు అది మరమ్మతు కాదు. దెబ్బ తగిలిన చోటు చుట్టూ సుత్తి పిడితో మెల్లగా తట్టుకుంటూ పోతే, గట్టి చోట ఖంగుమని, పొరలు విడిపోయిన చోట మొద్దుగా శబ్దం వస్తుంది. ఆ శబ్దం మారిన చోటల్లా చాక్‌పీసుతో గీత గీయండి, కంటికి కనిపించే చీలిక కన్నా ఆ గీత ఎంత పెద్దగా ఉంటుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఆ మేర పాత పొరను అరగదీసి, అంచులను మందానికి పన్నెండు రెట్ల దూరం వాలుగా చెక్కి, అంటే 6 మిల్లీమీటర్ల మందానికి ఏడు సెంటీమీటర్లకు పైగా వాలు ఇచ్చి, పొర మీద పొరగా కొత్త ఫైబర్ వేయాలి. లోపల అడ్డుకర్రలు విడిపోయాయేమో కూడా చూడాలి. ఈ వివరాలన్నీ రాసిన అంచనాను ఫైబర్ పని తెలిసిన ఇద్దరి దగ్గర తీసుకోండి, ఒకే మొత్తం రాసి ఇచ్చిన చీటీని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పడవ పాతదైతే, మరమ్మతుతో అది ముందుకన్నా మెరుగైందని కొంత తగ్గించమని అవతలివారు అడుగుతారు. సరైన మేరకైతే దాన్ని ఒప్పుకోండి.

వేట పోయిన రోజుల నష్టం కూడా అడగవచ్చు, ఎందుకంటే మీరు ఆ పడవతోనే బతుకుతున్నారని యార్డు వారికి ముందే తెలుసు. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ అలాంటి, సహజంగా కలిగే నష్టాన్ని అనుమతిస్తుంది. అయితే నష్టాన్ని తగ్గించుకోవడానికి మీకు అందుబాటులో ఉన్న మార్గాలను కూడా అదే సెక్షన్ వివరణ లెక్కలోకి తీసుకోమంటుంది. కనుక చేతులు కట్టుకొని కూర్చోకుండా బాడుగకు ఇంకో పడవ దొరుకుతుందేమో చూడండి, బాడుగ కట్టిన రసీదులు దాచండి, మత్స్యకారుల సంఘం పుస్తకంలో గత ఏడాది ఇదే నెలల్లో మీరు దించిన చేపల తూకం ఉంటే దాని నకలు తీసుకోండి.

మీ పడవకు బీమా ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, ఒడ్డున ఉన్న కాలానికి కూడా అది వర్తిస్తుందా అన్న షరతును ముందు చదవండి, చదవగానే కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. కంపెనీ అనుమతి లేకుండా యార్డుతో రాజీ పత్రం మీద సంతకం పెట్టవద్దు. మీకు డబ్బు చెల్లించిన తరువాత యార్డు మీద మీకున్న హక్కు కంపెనీకి వెళుతుంది, ఆ హక్కును మీరు ముందే వదులుకుంటే కంపెనీ మీ క్లెయిమును నిరాకరించవచ్చు.

యార్డు యజమాని మూడు నెలల అద్దె కడితేనే పడవను కదపనిస్తానని అడ్డుపడే అవకాశం ఉంది. 170వ సెక్షన్ ప్రకారం వస్తువు మీద తన శ్రమ, నైపుణ్యం పెట్టి పనిచేసినవారికి కూలి వచ్చేదాకా దాన్ని నిలుపుకునే హక్కు ఉంది, కానీ ఊరికే నిలువ ఉంచినందుకు, విడిగా రాసుకోకపోతే, ఆ సెక్షన్ కింద ఆ హక్కు రాదన్నది సాధారణ అవగాహన. అయినా అద్దె మీరు నిజంగా బాకీ ఉంటే కట్టేయండి, రసీదు మీద 'నష్టపరిహారంపై నా హక్కును వదులుకోకుండా చెల్లిస్తున్నాను' అని రాయించుకోండి. అద్దె తగాదాలో అసలు విషయం మరుగున పడడం మీకు మంచిది కాదు.

మొదట ఒక నోటీసు రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో పంపండి, అందులో పడవ ఇచ్చిన తేదీ, అడిగిన తేదీ, గాలివాన తేదీ, అంచనా మొత్తం ఉండాలి, కోపం ఉండకూడదు. జవాబు రాకపోతే కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. స్వయం ఉపాధితో జీవనం గడపడం కోసం మీరే వాడుకునే పడవ కనుక, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని వ్యాపార ప్రయోజనం అని పక్కన పెట్టదు. మీరు యార్డుకు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపే కనుక ఫిర్యాదుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. పెద్ద పడవ వారిని కూడా చేర్చదలిస్తే సివిల్ కోర్టే సరైన దారి, దానికి మూడేళ్ల గడువు ఉంటుంది కానీ ఖర్చు, కాలం ఎక్కువ. నా అనుభవంలో ఇలాంటివి సగానికి పైగా నోటీసు తరువాత కూర్చొని మాట్లాడుకుంటేనే తీరాయి, అది కూడా ఒక పక్షం చేతిలో ఫోటోలు, కొలతలు ఉన్నప్పుడే.

ఆ మాట ఎందుకు అంటున్నానంటే, కొన్నేళ్ల కిందట కర్నూలు వైపు ఒక ఆవరణలో ఇలాగే ఒకరి పడవ మీద ఇంకొకరిది పడింది. నేను వెళ్లేసరికి ట్రాక్టరు పెట్టి రెండింటినీ లాగేశారు, జాకీలను కుప్పగా మూలన పడేశారు, నేలను కూడా చదును చేశారు. ఏ జాకీ ముందు జారిందో చెప్పడానికి నాకు ఒక్క గుర్తు కూడా మిగలలేదు, కారణం నిర్ధారించలేకపోయానని నివేదికలో రాయవలసి వచ్చింది. ఆ ఒక్క వాక్యం వల్ల పడవ కోల్పోయిన కుటుంబానికి రావలసినది రాలేదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే ఈ సమాధానం చదివిన రోజే యార్డుకు వెళ్లండి, వీలైతే గ్రామంలో నలుగురికి తెలిసిన ఒక పెద్దమనిషిని వెంట తీసుకుపోండి. పెద్ద పడవను ఇంకా లేపకపోతే, మీకు చెప్పకుండా లేపవద్దని యార్డు యజమానికి అక్కడే రాసి ఇచ్చి, నకలు మీద సంతకం అడగండి. జాకీల కాళ్లు నేలలో ఎన్ని అంగుళాలు దిగాయో టేపు పెట్టి కొలిచి, టేపుతో సహా ఫోటో తీయండి. ఇంకో వాన పడితే నల్లరేగడిలో ఆ గుంతలు పూడిపోతాయి.